కరెంటు మనం వాడుకోం

ఫ్రైబర్గ్ (జర్మనీ): గత వేసవిలో మా బాల్కనీ రెయిలింగ్‌కు రెండు సోలార్ ప్యానెళ్లు బిగించాం. ఫ్రైబర్గ్‌లో ఇదేమీ విడ్డూరం కాదు. బ్లాక్ ఫారెస్ట్ కొండల పాదాల దగ్గరున్న ఈ ఊరు జర్మనీలో ఎండ బాగా కాసే ఊళ్లలో ఒకటి. ఈ ఊరివాళ్లకు ఎండ పిచ్చి కూడా ఎక్కువే. పక్కనున్న వీల్ గ్రామంలో అణు విద్యుత్ కేంద్రం కడతామంటే 1975లో ద్రాక్షతోటల రైతులు వెళ్లి ఆ స్థలంలో బైఠాయించారు. చివరికి ఆ కేంద్రం రానేలేదు. 1981లో ఫ్రౌన్‌హోఫర్ సౌరశక్తి పరిశోధన సంస్థ ఇక్కడే మొదలైంది. సూర్యుడి వెంట తిరిగే ఇల్లు చూడాలంటే 1994లో రోల్ఫ్ డిష్ అనే ఆర్కిటెక్ట్ కట్టుకున్న ‘హీలియోట్రోప్’ ఉంది. అలాంటి ఊళ్లో పన్నెండేళ్లుగా ఉంటూ బాల్కనీ ఖాళీగా వదిలేశామేమిటని మా ఆవిడ పోరు పెడితే తెప్పించాను.

బిగించిన ఆదివారం మధ్యాహ్నమే ఇంటికి వీడియో కాల్ చేశాను. మా నాన్నగారు పశ్చిమ గోదావరిలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. కరెంటు సంగతి కాబట్టి ఆయన సంబరపడతారనుకుని, కొత్త బొమ్మ కొన్న పిల్లాడిలా ఫోను అటూ ఇటూ తిప్పి చూపించాను.

ఆయన మొహంలో సంబరం లేదు. ‘‘దీన్ని ఎక్కడ కలిపావు?’’ అన్నారు.

‘‘గోడ ప్లగ్గులోనే నాన్నగారూ. ఇక్కడ 800 వాట్ల వరకూ అనుమతి ఉంది. ప్లగ్గు పెట్టి, ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే సరిపోతుంది.’’

‘‘ప్లగ్గులోంచి తీసుకుంటాం గానీ ప్లగ్గులోకి పంపడమేంట్రా? రేపు లైను ఆపి పైన ఎవడైనా పనిచేస్తుంటే?’’

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన అడుగుతున్నదేమిటో అర్థమైంది. నా చిన్నప్పుడు ఆయనతో కలిసి పనిచేసే ఒక మనిషి స్తంభం మీదే పోయాడు. పైన లైను ఆపే ఎక్కాడు. కింద ఎవరో కరెంటు పోయిందని జనరేటరు వేసుకున్నారు. మెయిన్ తీయలేదు. ఆ రాత్రి మా నాన్న అన్నం ముట్టలేదు. అది మాత్రం నాకు గుర్తుంది. ఎందుకలా జరిగిందో అప్పుడు అడగలేదు. ఇంజినీరింగ్ చదివినా, మాస్టర్స్ చేసినా దాని గురించి ఆలోచించలేదు. లెక్కలు వచ్చాయి, మార్కులు వచ్చాయి. అంతే.

ఆ వారంలోనే ఇంకో దెబ్బ తగిలింది. మా అమ్మాయి ఇక్కడ ఎనిమిదో తరగతి. ఫిజిక్స్ పరీక్ష పేపరు ఇచ్చారు. ‘దీపం వెలిగినప్పుడు కరెంటు ఖర్చవుతుందా?’ అన్నది ఒక ప్రశ్న. ‘అవును, పవర్ స్టేషన్ నుంచి ఎలక్ట్రాన్లు శక్తి మోసుకొచ్చి దీపంలో ఖర్చయిపోతాయి’ అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశారు. ‘‘నువ్వే చెప్పావు నాన్నా’’ అంది. నిజమే, నేనే చెప్పాను. ముందురోజు రాత్రి, ఆఫీసు కాల్‌లో ఒక చెవి పెట్టుకుని.

ఇదొక్కటే కాదు, ఆమె దగ్గర ఇంకో ప్రశ్న కూడా ఉంది. ‘‘శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అంటావు. మరి గదిలో లైటు ఆపలేదని రోజూ ఎందుకు అరుస్తావు? ఎలాగూ నాశనం కాదుగా?’’

నిత్యత్వ నియమాన్ని నేను తెలుగు మీడియంలో బట్టీ పట్టినవాణ్ని. ‘పని చేయగల సామర్థ్యమే శక్తి’ అన్న నిర్వచనం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ మన పాఠ్యపుస్తకంలోనే ‘సామర్థ్యం’ అన్న మాటను పవర్‌కు కూడా వాడతారు. శక్తంటే సామర్థ్యం, సామర్థ్యమంటే సెకనుకు ఎంత శక్తో! గానుగెద్దులా తిరిగిన చోటే తిరిగామన్నమాట. అందుకని ఈసారి పుస్తకం పక్కన పెట్టి, ముగ్గురం కలిసి మొదటినుంచీ వెతుక్కున్నాం. ముగ్గురంటే నేను, మా అమ్మాయి, వాట్సాప్‌లో మా నాన్నగారు.

మొదట పరీక్షలో తప్పిన ప్రశ్న. మన ఇంట్లో ‘కరెంటు బిల్లు’ అంటాం. జర్మన్లు కూడా అంతే, ‘ష్ట్రోమ్’ బిల్లంటారు. ష్ట్రోమ్ అంటే ప్రవాహమే. రెండు భాషలూ ఒకే పొరపాటు చేశాయి. ఎందుకంటే కరెంటును మనం వాడుకోం. ఫేజులో ఎంత వస్తే అంతా న్యూట్రల్‌లో తిరిగి వెళ్లిపోతుంది. దీనికి సాక్ష్యం మన ఇంటి ఫ్యూజుల పెట్టెలోనే ఉంది. ఇక్కడ ఎఫ్‌ఐ అంటారు, ఇండియాలో ఆర్‌సీసీబీ అంటారు. దాని పనంతా వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమో కాదో చూస్తూ కూర్చోవడమే. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే టక్కున ఆపేస్తుంది. అంత తేడా వచ్చిందంటే కరెంటు మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో భూమిలోకి పోతోందన్నమాట. దీపం కరెంటును నిజంగా తినేసేదైతే, స్విచ్చు వేసిన ప్రతిసారీ అది పడిపోవాలి.

‘‘అది లేని ఇంట్లో ఉండకండి’’ అన్నారు నాన్న, ఫిజిక్స్‌కు సంబంధం లేకుండా. ఊళ్లో ఇల్లున్న ప్రవాసులందరికీ నేనూ అదే చెప్తాను. ఈసారి వెళ్లినప్పుడు పెట్టెలో అది ఉందో లేదో చూడండి. దాని మీదున్న టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి.

ఇక ఎలక్ట్రాన్ల సంగతి. అవి మెరుపు వేగంతో పరిగెడతాయనే నేననుకున్నాను. లెక్క వేస్తే సిగ్గేసింది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే, ఎలక్ట్రాన్లు సెకనుకు 0.07 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతాయి. గంటకు పాతిక సెంటీమీటర్లు. నత్త నయం. అదీ బ్యాటరీ కరెంటైతే. మన ఇళ్లకొచ్చే ఏసీ కరెంటు దిశ సెకనుకు వందసార్లు మారుతుంది కాబట్టి, అవి ఉన్నచోటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా కదలకుండా ఊగుతుంటాయి. మా ఇంటి తీగల్లోని ఎలక్ట్రాన్లు ఏ పవర్ స్టేషన్ నుంచీ రాలేదు. తీగతో పాటే కొట్లోంచి వచ్చాయి.

‘‘కదలకుండా పనెలా చేస్తాయి?’’ అని మా అమ్మాయి అడిగితే జవాబు ఫోన్లో పక్కనుంచి వచ్చింది. మా అమ్మ: ‘‘కవ్వం చూళ్లేదా అమ్మలూ? తాడు ఇటు లాగితే ఇటు, అటు లాగితే అటు. తాడు ఎక్కడికీ పోదు, వెన్న మాత్రం వస్తుంది.’’ ఇంతకంటే బాగా ఏసీ కరెంటు గురించి నాకెవరూ చెప్పలేదు.

అయితే కవ్వంలో తాడు కవ్వాన్ని తాకుతుంది. శక్తి వెళ్లడానికి ఆ తాకడం కూడా అక్కర్లేదన్నదే అసలు వింత. దీన్ని నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ‘‘స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏముంటుందనుకున్నావ్? రెండు చుట్టలు. 11 కేవీ చుట్ట వేరు, మన ఇళ్లకొచ్చే చుట్ట వేరు. రెంటికీ మధ్య తీగ కలవదు. కలిస్తే ఊరు తగలబడిపోద్ది’’ అన్నారు. మరి పైచుట్టలోని శక్తి కిందిచుట్టలోకి ఎలా దూకింది? మధ్యలో ఉన్నది ఇనుప దిమ్మె, అందులో మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టింది ఇదే: ఒక చుట్టలో కరెంటు మారితే, తాకకుండానే రెండో చుట్టలో కరెంటు పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే ‘గుయ్’మనే చప్పుడు, ఆ క్షేత్రం సెకనుకు వందసార్లు దిమ్మెను పిండుతున్న చప్పుడే.

1865లో మాక్స్‌వెల్ దీన్నంతా సమీకరణాల్లో పెట్టాడు. 1884లో జాన్ హెన్రీ పాయింటింగ్ అనే ఆంగ్లేయుడు ఆ సమీకరణాల్లోంచి ఒక సంగతి బయటకు తీశాడు. శక్తి ప్రయాణించేది తీగ లోపల కాదు, తీగ చుట్టూ ఉన్న విద్యుత్, అయస్కాంత క్షేత్రాల్లో. తీగ దానికి దారి చూపిస్తుంది. అందుకే ఎలక్ట్రాన్లు నత్తల్లా ఉన్నా, స్విచ్చు వేయగానే దీపం వెలుగుతుంది. ఆ క్షేత్రాలు తీగ లేకుండా కూడా ప్రయాణిస్తాయని 1880ల చివర్లో హైన్రిక్ హెర్ట్జ్ ప్రయోగం చేసి చూపించింది మాకు రైల్లో గంట దూరంలో ఉన్న కార్ల్స్‌రూలోనే. రేడియో, సెల్‌ఫోను, నేను ఇంటికి మాట్లాడే ఈ వీడియో కాల్, అన్నీ దాని పిల్లలే. ఎండ కూడా అదే. 15 కోట్ల కిలోమీటర్ల దూరం, ఏ తీగా లేకుండా, ఎనిమిది నిమిషాల పై చిల్లరలో మా బాల్కనీ దాకా వస్తోంది.

ఇక్కడ తెలుగిళ్లలో అందరికీ తెలిసిన ఒక బాధ చెప్పాలి. ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. పొయ్యి వెక్కిరిస్తున్నట్టు మినుకుమంటుంది. అదే అమ్మమ్మనాటి ఇనుప పెనం పెడితే దోసె చక్కగా కాలుతుంది. ఇదీ ట్రాన్స్‌ఫార్మరే. గాజు కింద ఉన్నది మొదటి చుట్ట, పెనమే రెండో చుట్ట. మారే అయస్కాంత క్షేత్రం పెనంలోనే సుడులు తిరిగే కరెంటు పుట్టిస్తుంది, ఇనుము దాన్ని అడ్డుకుని వేడెక్కుతుంది. అల్యూమినియం అయస్కాంతానికి లొంగదు, కరెంటును సులువుగా పోనిస్తుంది. కాబట్టి వేడి సరిపడా పుట్టదు. కొనేముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకెళ్లి గిన్నె అడుగున పెట్టి చూడండి, అంటుకుంటే తెచ్చుకోవచ్చు. (మా ఇంట్లో అటకెక్కిన కుక్కర్లు మూడు.)

ఇప్పుడు నాన్న భయం దగ్గరికి రావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎటు నుంచి ఎటు అన్న పట్టింపు లేదు. 11 వేల వోల్టులు ఇస్తే కింద ఇళ్లకు తగ్గించి ఇస్తుంది. కింద ఇంట్లోంచి 230 వోల్టులు తోస్తే, అంతే నమ్మకంగా పైకి 11 వేలు చేసి పంపుతుంది. ఆ రోజు జనరేటరు వేసుకున్నవాళ్లకు తెలియనిది అదే. స్తంభం మీది మనిషికి లైను చచ్చిందని తెలుసు, కింద నుంచి బతికించారని తెలియదు. ఇది మా అమ్మాయికి చెప్తున్నప్పుడు, ఇన్నేళ్లలో నాన్న ఆయన గురించి నోరు విప్పడం మొదటిసారి విన్నాను. ‘‘తాళ్లు కట్టి దింపింది నేనే’’ అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

బాల్కనీ సోలార్‌లో దీనికి ఏర్పాటు ఉంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పే బ్యాటరీ పెట్టె. ఇక్కడిది అది కాదు, దాదాపు తలకిందులు. బయటి గ్రిడ్‌లో వోల్టేజీ ఉంటేనే ఇది పనిచేస్తుంది, ఆ అలతో తాళం కలుపుతూ తన కరెంటు పంపుతుంది. గ్రిడ్ పోయిందా, సెకనులో చిన్న భాగంలోనే ఆగిపోతుంది. అందువల్ల, కరెంటు పోతే బాల్కనీ సోలార్ ఇల్లు నడుపుతుందనుకుని కొన్న మిత్రులకు నిరాశే మిగులుతుంది. ఎండ మండిపోతున్నా అది ఉలకదు. లోపం కాదది, పైన స్తంభం మీదున్న మనిషి కోసం అలా చేశారు.

ఇక మా అమ్మాయి రెండో ప్రశ్న మిగిలింది. నాశనం కాదు కదా, ఆపడమెందుకు?

ఈ నిత్యత్వం మొదట తట్టినవాళ్లలో ఒకడు మా రాష్ట్రంవాడే, హైల్‌బ్రాన్‌కు చెందిన యూలియస్ రాబర్ట్ మాయర్. భౌతికశాస్త్రవేత్త కాదు, డాక్టరు. 1840లో ఓడ డాక్టరుగా జావా దీవికి వెళ్లాడు. అప్పటి వైద్యం ప్రకారం జబ్బుపడ్డ నావికుల సిర కోసి రక్తం తీస్తే, నల్లగా ఉండాల్సిన రక్తం ఎర్రగా వచ్చింది. మొదట ధమని తెగిందేమోనని హడలిపోయాడట. తర్వాత ఆలోచించాడు: వేడి దేశంలో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి శరీరం తక్కువ ఇంధనం కాల్చితే చాలు, ఆక్సిజన్ తక్కువ ఖర్చవుతుంది, అందుకే రక్తంలో ఎరుపు మిగిలింది. అంటే తిన్న తిండి, ఒంటి వేడి, చేసే పని, అన్నీ ఒకే ఖాతాలో జమాఖర్చులు! 1842లో అచ్చువేశాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. జేమ్స్ జౌల్‌తో ఎవరు ముందన్న గొడవ, ఇంట్లో పిల్లల చావులు, మానసికంగా కుంగిపోవడం, అన్నీ పడ్డాకే 1871లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది.

ఖాతా అన్న మాట నాకు నచ్చింది. శక్తి చేతిలో పట్టుకునే వస్తువు కాదు. ఏ మార్పు జరిగినా మొత్తం మారని ఒక లెక్క. మా వృత్తిలో చెక్‌సమ్ లాంటిదనుకోండి. నోబెల్ గ్రహీత ఫైన్‌మన్ కూడా, శక్తంటే ఏమిటో నేటి ఫిజిక్స్‌కు తెలియదని 1960ల నాటి తన పాఠాల్లో విద్యార్థులకు చెప్పేశాడు. అది చదివాక నాకు కాస్త ఊరట కలిగింది.

లెక్కే కాబట్టి లెక్క వేశాం. మన ఊళ్లో డాబా మీది ట్యాంకు వెయ్యి లీటర్లు, పది మీటర్ల ఎత్తు. నింపడానికి కావాల్సింది 98 వేల జౌళ్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. మోటారు సగం పోగొట్టినా ఒక యూనిట్‌తో 18 ట్యాంకులు నిండాలి. అదే ఒక బకెట్, 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీలు వేడి చేయడానికి దాదాపు 16 లక్షల జౌళ్లు. మోటారు నష్టం పక్కన పెడితే, 16 ట్యాంకుల నీళ్లు పైకెక్కించినంత! మా అమ్మాయి పేపరు లాక్కుని తనే మరో లెక్క వేసింది. షవర్ కింద పది నిమిషాలు, వంద లీటర్ల వేడినీళ్లు, మూడు యూనిట్ల పైనే. దాంతో తన గదిలో 8 వాట్ల ఎల్‌ఈడీ లైటు 400 గంటలు వెలుగుతుంది. ‘‘నాన్నా, నువ్వు ఉదయం ఎంతసేపు చేస్తావు స్నానం?’’ అంది. ఆ తర్వాత లైటు గురించి నేను అరవడం తగ్గించాను.

ఎత్తులో దాచిన నీళ్లయితే తిరిగి వాడుకోవచ్చు. సెలవులకు మేం వెళ్లే ష్లుఖ్‌జే సరస్సు అలాంటి ట్యాంకే. అక్కణ్నుంచి మూడు మెట్లలో 600 మీటర్లు దిగి నీళ్లు రైన్ నదికి చేరతాయి, దారిలో టర్బైన్లు తిప్పుతాయి. కరెంటు మిగిలినప్పుడు వాటిని మళ్లీ పైకి తోస్తారు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలూ అలా రెండువైపులా తిరగగలిగేలా కట్టినవే. కానీ స్నానపు నీళ్ల వేడి మురుగులో కలిసి గోరువెచ్చగా నేలలోకి పోయాక? ఒక్క జౌలు కూడా తగ్గలేదు. తిరిగి పోగుచేయడం మాత్రం మన తరం కాదు. వంద రూపాయల నోటు చిల్లర మార్చి తిరునాళ్లలో జల్లేసినట్టు. మొత్తం వందే, మనకు టీ నీళ్లకు కూడా రాదు. దీనికి ఇక్కడి స్కూలు పుస్తకంలో మంచి మాట ఉంది, ‘ఎనర్గీ ఎంట్‌వెర్టుంగ్’ అని. శక్తి విలువ తగ్గిపోవడం. నష్టపోయేది జౌళ్లు కాదు, వాటితో పనికొచ్చే అవకాశం. మన తెలుగు మీడియంలో ఈ ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాతి ఆదివారం నాన్నకు పరీక్ష చేసి చూపించాం. మిట్టమధ్యాహ్నం ఎండ. ఇన్వర్టర్ మీద పచ్చదీపం, యాప్‌లో 610 వాట్లు. మా అమ్మాయి ఫోను ఇన్వర్టర్‌కు ఎదురుగా పట్టుకుంది. నేను లోపల మెయిన్ దించాను. ఫ్రిజ్ చప్పుడు ఆగింది. వైఫై పోయింది కానీ ఫోను మొబైల్ డేటా మీద ఉంది కాబట్టి కాల్ నిలిచింది.

‘‘ఆరిపోయింది తాతయ్యా, వెంటనే ఆరిపోయింది.’’

‘‘ఇప్పుడు వెయ్యమను.’’

వేశాను. ఫ్రిజ్ మొదలైంది, ఇన్వర్టర్ మొదలవ్వలేదు. గ్రిడ్ నిలకడగా ఉందని తేల్చుకోవడానికి అది కాసేపు ఆగుతుంది. నాన్న అక్కడ గోడగడియారం చూస్తూ కూర్చున్నారు. నిమిషం దాటాక పచ్చదీపం మళ్లీ వెలిగింది.

‘‘ఇంకోసారి ఆపమను నాన్నని’’ అన్నారు.